పుట్టిన పది నిమిషాలకే తొలగింపు మూసా? – వికీపీడియా గస్తీ సంపాదకులకు, నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఇంగ్లీషు వికీపీడియాలోనూ తెలుగు వికీపీడియా (తెవికీ)లోనూ కొత్త పేజీలను గస్తీ కాసే సంపాదకులకు, నిర్వాహకులకు

నమస్కారం.

మీరు జీతం లేకుండా, తిట్లు తింటూ చేస్తున్న పని ఎంత అవసరమో తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాను కాబట్టి ఇక పొగడ్తలు కట్టిపెట్టి విషయానికి వస్తాను.

వికీలో కొత్తగా రాయాలనుకునేవాళ్లకు ఖాతా తెరవడం దగ్గర నుంచి మూలాలు ఇవ్వడం దాకా నేర్పే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. వాళ్ల వ్యాసాలకు నిమిషాల వ్యవధిలో తొలగింపు మూసలు (ఈ పేజీని తీసేయాలంటూ దాని నెత్తిన పెట్టే నోటీసులు) పడుతున్న సంగతి చర్చ పేజీల్లో మర్యాదగానే ప్రస్తావించాను. ఒకచోట జవాబుగా విధానం పేజీ లింకు ఇచ్చారు. ఇంకోచోట అదీ లేదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది. ఎవరి పేరూ ఎత్తను. ఇది ఒకరిద్దరి తప్పు కాదు, అలవాటుగా మారిన పద్ధతి.

నేను చెప్పదలచింది ఒక్కటే. వ్యాసం వల్ల ఎవరికైనా హాని జరిగేలా ఉంటే క్షణం ఆగకండి. వ్యాసం అసంపూర్తిగా ఉందన్నదొక్కటే మీ అభ్యంతరమైతే మాత్రం ఆగండి. ఈ రెండు రకాల పేజీలకూ ఇవాళ ఒకే వేగంతో మూస పడుతోంది. గొడవంతా అక్కడే.

మీ వైపు వాదన నాకు తెలియనిది కాదు. 2005 మే నెలలో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థేలర్ పేజీలో ఎవరో ఆయనకు కెనెడీ హత్యతో సంబంధం ఉందన్న అనుమానాలు ఉండేవని పచ్చి అబద్ధం రాశారు. అది నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఆ రభస తర్వాతే, అదే ఏడాది డిసెంబరులో, ఖాతా లేనివాళ్లు కొత్త వ్యాసాలు సృష్టించకుండా ఇంగ్లీషు వికీపీడియా కట్టడి చేసింది. 2010 మార్చి తర్వాత సృష్టించిన, ఒక్క మూలమూ లేని సజీవుల జీవిత చరిత్రలకు వారం గడువు పెట్టింది కూడా అలాంటి అనుభవాల వల్లే. మన దగ్గర మాత్రం తక్కువా? ఎన్నికలు దగ్గర పడితే వార్డు స్థాయి నాయకుల జీవిత చరిత్రలు పుట్టుకొస్తాయి. ఒక్క షార్ట్ ఫిలిం తీసిన కుర్రాడికి 'ప్రముఖ దర్శకుడు' అన్న పేజీ తయారవుతుంది. రియల్ ఎస్టేట్ వెంచర్ కరపత్రం యథాతథంగా వచ్చి పడుతుంది. ఇప్పుడు వీటికి తోడు, చదవకుండానే అతికించే కృత్రిమ మేధ రాతలు. వాటిని నేరుగా తొలగించడానికి 2025 ఆగస్టులో ఇంగ్లీషు వికీపీడియా ప్రత్యేకంగా ఒక నియమమే పెట్టుకోవాల్సి వచ్చింది. తెవికీ వారికైతే అంతకు ముందే ఒక చేదు అనుభవం ఉంది. గూగుల్ అనువాద ఉపకరణంతో తయారై 2009–2011 మధ్య వచ్చిపడ్డ వ్యాసాల భాష చదివినవాళ్లకు, కొత్త పేజీ కనిపించగానే చెయ్యి తొలగింపు మీదికి ఎందుకు పోతుందో అర్థమవుతుంది.

ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా మీ నియమాలే మీరు పాటించమని అడగడం తప్పు కాదు కదా. ఇంగ్లీషు వికీపీడియా సంగతే చూద్దాం, ఎందుకంటే చిన్న వికీలు చాలావరకు అక్కడి పద్ధతులనే తెచ్చుకుంటాయి.

కొత్త పేజీలు సమీక్షించేవారికి అక్కడున్న సూచన ఇది: వ్యాసంలో చివరి పనికొచ్చే దిద్దుబాటు జరిగి కనీసం ఒక గంట గడిచేదాకా తొలగింపు మూస పెట్టకూడదు, చిత్తుప్రతిగా మార్చకూడదు. వ్యక్తుల మీద దాడి చేసే పేజీలు, కాపీహక్కుల ఉల్లంఘనలు, దుశ్చర్యలు, అర్థంపర్థం లేని రాతలు – ఇలాంటివాటికే మినహాయింపు. ఈ గడువు ఇదివరకు పావుగంటే ఉండేది. చాలదని సముదాయమే చర్చించి పెంచింది.

అలాగే, ప్రాముఖ్యత లేదన్న కారణంతో సత్వర తొలగింపుకు, అంటే చర్చ లేకుండా వెంటనే తీసేయడానికి, పంపే నియమం ఒకటుంది, ఏ7 అంటారు. అది వ్యక్తులు, సంస్థలు, వెబ్‌సైట్లు, సంగీత బృందాల వంటి కొన్ని రకాలకే వర్తిస్తుంది. పుస్తకాలకు వర్తించదు. సినిమాలకు వర్తించదు. బడులకు వర్తించదు. వర్తించే చోట కూడా విషయ ప్రాముఖ్యతను రుజువు చేయనక్కర్లేదు, ప్రాముఖ్యత ఉందని సూచించే నమ్మదగిన ఒక్క మాట వ్యాసంలో ఉంటే చాలు. ఆ తేడా తెలియకుండా, మూసలు పెట్టే ఉపకరణం ట్వింకిల్‌లో మీట నొక్కేవాళ్లు ఎంతమంది ఉన్నారో తొలగింపు సమీక్షలు చదివితే తెలుస్తుంది.

మరి తొందరెందుకు? చెడ్డ పేజీ గూగుల్‌కు ఎక్కుతుందన్న భయం అంటారు. కొత్త వ్యాసాన్ని ఎవరైనా సమీక్షించేదాకా, లేదా 90 రోజులు గడిచేదాకా, సెర్చ్ ఇంజన్లకు కనిపించకుండా ఇంగ్లీషు వికీపీడియా ఏర్పాటు చేసుకుని చాలా ఏళ్లయింది. అంటే పది నిమిషాల వయసున్న ఆ మూడు వాక్యాల పేజీని చూస్తున్నది రాసినాయన, మీరూ – అంతే. పైగా 2018 ఏప్రిల్ నుంచి అక్కడ నేరుగా వ్యాసం సృష్టించాలంటే ఖాతాకు 4 రోజుల వయసు, 10 దిద్దుబాట్ల అనుభవం ఉండాలి. కనుక మీ కంటబడే కొత్తవాడు దారినపోతూ రాయి విసిరిన బాపతు కాదు. నాలుగు రోజులు ఓపిక పట్టి, పదిచోట్ల అచ్చుతప్పులు దిద్ది వచ్చినవాడు.

ఇది ఈనాటి జబ్బు కాదు. 2007 సెప్టెంబరులో వికీపీడియా సహవ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ దక్షిణాఫ్రికా కేప్‌టౌన్ శివార్లలో, గుగులెత్తు అనే బస్తీలో ఉన్న మ్జోలీస్ అనే మాంసం దుకాణం-హోటల్ మీద ఒక్క వాక్యంతో మొలక (చిన్న ఆరంభ వ్యాసం) రాశారు. 22 నిమిషాల్లో ఒక నిర్వాహకుడు దాన్ని తొలగించారు. రాసింది ఎవరో తెలిశాక పెద్ద చర్చ నడిచి, వ్యాసం నిలబడింది, పదిమంది చేతులూ పడి పెరిగింది. రాసినది జిమ్మీ వేల్స్ కాకుండా ఆ బస్తీ కుర్రాడెవడైనా అయ్యుంటే ఏమయ్యేదో వేరే చెప్పాలా? 2009లో అనుభవమున్న కొందరు సంపాదకులు కొత్త ఖాతాలు తెరిచి, కొత్తవాళ్లలా వ్యాసాలు రాసి, వాళ్ల గతి ఏమవుతుందో స్వయంగా చూశారు. అప్పుడు బయటపడ్డ తొందరపాటునే ఇప్పుడు మళ్లీ నేను చెప్పాల్సి రావడం నాకేమీ సంతోషంగా లేదు.

ఇక ఈ వేగం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది ఏమిటో వరుసగా చెబుతాను.

1. మనవాళ్లు రాసేది చాలావరకు ఫోనులో. తెలుగు టైపింగు, అందులో మూలాల పెట్టె, మధ్యలో ఫోను కాల్. రాసింది పోతుందేమోనన్న భయంతో రెండు వాక్యాలు రాయగానే ప్రచురించు మీట నొక్కేస్తారు. మిగతాది తర్వాత కలుపుదామనుకుంటారు. రెండో విడత రాయబోయేసరికి పేజీ నెత్తిన ఎర్రటి మూస. అదేమిటో చదివేలోపు 'దిద్దుబాటు ఘర్షణ' అని ఇంకో సందేశం – ఒకే పేజీని ఇద్దరు ఒకేసారి దిద్దితే వచ్చేది, ఇక్కడ మీ మూస వల్లే పుట్టిన ఘర్షణ – దాంతో రాసిన మూడు పేరాలూ గల్లంతు. అనుభవమున్నవాళ్లకు వాటిని ఎలా వెనక్కి తెచ్చుకోవాలో తెలుసు. పొలం పనులయ్యాక రాత్రిపూట కూర్చుని తన ఊరి చెరువు గురించి రాసుకుంటున్న మనిషికి తెలియదు. విస్తరి వేయగానే కూరలో ఉప్పు తక్కువైందన్నట్టుంటుంది ఈ వ్యవహారం. ఇంకా వడ్డించనేలేదు మహాప్రభో అని ఆయన అనేలోపే విస్తరి ఎత్తేస్తున్నారు.

2. మూసల్లో రకాలుంటాయని కొత్తవాళ్లకు తెలియదు. ఇంగ్లీషు వికీలో అభ్యంతరం లేకపోతే వారంలో తొలగించే ప్రతిపాదన ఒకటుంది, దాన్ని వ్యాసం రాసినవారు కూడా తీసేయవచ్చు, తీసేస్తే మళ్లీ అదే పెట్టకూడదు. సత్వర తొలగింపు మూస అలా కాదు, దాన్ని రాసినవారు తీయకూడదు, చర్చ పేజీలో అభ్యంతరం చెప్పుకోవాలి. ఇంకోటి చర్చకు పెట్టే మూస, దానికి కనీసం ఏడు రోజులు. చూడ్డానికి మూడూ ఒక పెట్టెలో నాలుగు వాక్యాలే. కొత్తవాడు కంగారులో సత్వర మూస తీసేస్తాడు. వెంటనే చర్చ పేజీలో హెచ్చరిక పడుతుంది. మళ్లీ తీస్తే రెండో హెచ్చరిక, మొదటిదానికన్నా ఘాటుగా. సాయంత్రానికి 'విధ్వంసకారి' అన్న ముద్ర. పొద్దున వచ్చినప్పుడు ఆ మనిషి దగ్గర ఉన్నది తన ఊరి మీద ప్రేమ మాత్రమే.

3. తొలగించిన పేజీ చరిత్ర నిర్వాహకులకు తప్ప ఎవరికీ కనిపించదు. రాసినవారికి కూడా కనిపించదు. అంటే తాను కూడబెట్టిన సమాచారం, ఊళ్లో పెద్దల్ని అడిగి తెలుసుకున్న సంవత్సరాలు, శాసనం మీద చదివి ఎత్తి రాసుకున్న పంక్తులు అన్నీ తన చేతికే దొరకవు. అడిగితే వెనక్కి ఇచ్చే పేజీ ఒకటుందని, మర్యాదగా అడిగితే నిర్వాహకులు ఇస్తారని నాకు తెలుసు. ఆ మాట తొలగింపు సందేశంలో ఎక్కడో అడుగున ఉంటే ఎవరు చూస్తారు? ఇంకో కాపీ దాచుకోవాలన్న ఆలోచన ఎవరికీ ఉండదు. వికీపీడియాలో రాస్తే శాశ్వతంగా ఉంటుందని కదా అందరి నమ్మకం!

4. ఈ నాలుగోది మన ప్రాంతానికి సంబంధించినంత వరకు అన్నిటికన్నా బరువైనది. కాస్త విస్తరంగా చెప్పనివ్వండి.

తొలగింపుకు పెట్టేముందు మూలాలు వెతకాలన్నది మీరే రాసుకున్న నియమం. వెతకడమంటే ఏం జరుగుతోంది? పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, గూగుల్ మొదటి పేజీ చూసి, 'ఏమీ దొరకలేదు' అని రాయడం. మన పేర్లు ఇంగ్లీషులో ఒక తీరున ఉండవు. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా, 'రావు'ను కలిపి రాశారా విడిగా రాశారా – ఒక్కో పత్రిక ఒక్కో రకంగా రాస్తుంది. తెలుగులో వెతికినా చిక్కులే. తెలుగు పత్రికల్లో స్థానిక కళాకారుల గురించి, ఊరి గుడి గురించి, జిల్లా రచయిత గురించి వచ్చేది జిల్లా పేజీల్లో. ఈ-పేపర్లో ఆ పేజీ బొమ్మ రూపంలో ఉంటుంది, అక్షరాలుగా ఉండదు, కాబట్టి వెతుకులాటకు చిక్కదు. పాత సంచికలు కొన్నాళ్లయ్యాక తెరుచుకోవు. యూనికోడ్ రాకముందు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. ఆనాటి పేజీలు ఎక్కడైనా మిగిలున్నా, ఇవాళ్టి తెలుగులో కొడితే దొరకవు. ఇక విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో జానపద కళల మీద వచ్చిన పరిశోధన గ్రంథాలు, గ్రామ చరిత్రలు, జిల్లా రచయితల సంఘాల సావనీర్లు – ఇవన్నీ బీరువాల్లో ఉన్నాయి.

అందువల్ల మూలం దొరకలేదంటే మూలం లేదని కాదు. రాసినవారి దగ్గర పత్రిక కత్తిరింపు ఉండొచ్చు. ఆ కత్తిరింపు మీద తేదీ, పేజీ సంఖ్య చూసి రాయడానికి ఆయనకు మీ పది నిమిషాలు చాలవు.

నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య 2024లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. కోయల డోలి చరిత్రలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో, గుస్సాడీ నేర్పిన కనకరాజుకు 2021లో, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో ఆ గౌరవం దక్కింది. ప్రకటన వెలువడిన సాయంత్రం ఇలాంటివారి మీద పేజీ పెట్టడానికి పోటీ పడతాం. ప్రకటనకు ముందురోజు వీరిలో ఎవరి గురించైనా వాళ్ల ఊరి టీచరు నాలుగు వాక్యాలు రాసి, ఒక్క జిల్లా పేజీ కథనాన్ని మూలంగా చూపి ఉంటే మీరేం చేసేవారు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. నా అనుభవాన్ని బట్టి నాకు తోచిన జవాబు ఇక్కడ రాయను. ఢిల్లీలో జాబితా వెలువడేదాకా మనిషికి ప్రాముఖ్యత లేదనుకోవడం విజ్ఞాన సర్వస్వం పని కాదు, గెజిట్ పని.

5. పాఠకులకు జరిగే నష్టం. 2018 అక్టోబరు 2న భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పుడు డోనా స్ట్రిక్‌లాండ్ ఎవరా అని లోకమంతా వికీపీడియా తెరిచింది. పేజీ లేదు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మూడో మహిళ ఆమె. రెండో మహిళకు వచ్చిన 55 ఏళ్ల తర్వాత. ఆ ఏడాది మే నెలలోనే ఆమె మీద రాసిన చిత్తుప్రతిని, మూలాలు చాలవని సమీక్షకుడు వెనక్కి పంపారు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2014లో కూడా ఆమె మీద ఒక పేజీ పుట్టి తొలగిపోయింది, అది వేరేచోటి నుంచి ఎత్తి రాసింది కాబట్టి. ఆ తొలగింపు సరైనదే, నేనైనా అదే చేసేవాణ్ని. అసలు తేడా అదే. 2014 నాటి పేజీలో హాని ఉంది, తీసేశారు. 2018 నాటి చిత్తుప్రతిలో ఉన్నది కొరత మాత్రమే. మూలాలు లోకంలో ఉన్నాయి. వెతికి రెండు చేర్చి ఉంటే సరిపోయేది. వెతకడం కన్నా వెనక్కి పంపడం తేలిక.

6. సముదాయానికి జరిగే నష్టం. ఇంగ్లీషు వికీపీడియాలో చురుకైన సంపాదకుల సంఖ్య 2007లో శిఖరానికి చేరి అక్కడి నుంచి తగ్గింది. కారణాలేమిటని హాఫేకర్, ఆయన సహ పరిశోధకులు 2013లో ప్రచురించిన పరిశోధనలో, మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల రాతలను సైతం తిప్పికొట్టడం పెరిగిందనీ, యాంత్రిక ఉపకరణాలు అందులో పాత్ర వహించాయనీ తేల్చారు. అంత పెద్ద వికీకే అంత దెబ్బ. తెవికీలో రోజూ కనిపించే పేర్లు ఎన్ని? అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీ తెరిస్తే అవే సంతకాలు. అక్కడ ఒక్క కొత్త వాడుకరి పోవడం చిన్న లెక్క కాదు.

ఇక్కడే తెవికీ వంటి చిన్న వికీల గురించి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. అక్కడ సమస్య రెండు వైపులా ఉంది. మూస నిమిషాల్లో పడుతుంది. పడ్డాక చర్చ పేజీకి ఎవరూ రారు. అలా ఆ మూస నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం, పేజీ నెత్తిన వేలాడుతూనే ఉంటుంది. తీయరు, ఉంచరు. వెయ్యడానికి అంత తొందరైన మూస తేల్చడానికి ఎందుకు తొందర కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ నడుమ పేజీ చదివిన ప్రతివారికీ ఇది నమ్మదగినది కాదన్న సందేశం పోతూనే ఉంటుంది. రాసినవారు మాత్రం ఎప్పుడో ఖాతా వదిలేసి వెళ్లిపోయి ఉంటారు.

ఇప్పుడు నా కోరికలు. ఇవి ఇంగ్లీషులో రాసేవారికీ తెలుగులో రాసేవారికీ కలిపి చెబుతున్నాను. ఎక్కడ ఏది వర్తిస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు.

1. ఇంగ్లీషు వికీపీడియాలో ఉన్న గంట గడువును సూచనగా కాక కచ్చితమైన నియమంగా పాటించండి. గంట కాకుండా మూస పెట్టబోతే ఉపకరణమే అడ్డుపడి 'ఇది ఏ మినహాయింపు కింద?' అని అడగాలి. తెవికీలో గంట చాలదు. రోజుకు వచ్చే కొత్త పేజీలు తక్కువ, రాసేవాళ్లు ఉద్యోగాలయ్యాక రాత్రిళ్లు కూర్చునేవాళ్లు. చివరి దిద్దుబాటు నుంచి 24 గంటలు ఇవ్వండి. మినహాయింపులు స్పష్టంగా రాసి పెట్టండి: మనిషి పరువు తీసే రాతలు, ఎత్తిరాతలు, దుశ్చర్యలు, అర్థం లేని అక్షరాలు, పచ్చి ప్రకటనలు, మనిషి చదవకుండా అతికించిన యంత్రపు రాతలు. వీటికి గడువు అక్కర్లేదు. ఈ జాబితాలో 'మూలాలు లేవు', 'రెండు వాక్యాలే ఉన్నాయి', 'వికీకరణ చెయ్యలేదు' (వికీ పద్ధతిలో లింకులు, శీర్షికలు పెట్టలేదు) అన్నవి ఉండకూడదు. వాటికి వేరే మూసలున్నాయి, అవి ఎప్పుడు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఒక సజీవ వ్యక్తిపై మూలం లేని ఆరోపణ కనిపిస్తే మాత్రం ఆ వాక్యాన్ని అప్పటికప్పుడు తీసేయండి. దానికోసం పేజీ మొత్తాన్ని ఎత్తేయాల్సిన పని లేదు.

2. మూలాలు దొరకలేదని రాసేవారు ఎక్కడ, ఏ లిపిలో, ఏ పేరుతో వెతికారో ఒక్క వాక్యంలో రాయాలి. తెలుగువారికి సంబంధించిన వ్యాసమైతే తెలుగు లిపిలో వెతకకుండా పెట్టిన ప్రతిపాదన చెల్లదనండి. ఇంగ్లీషు వికీపీడియాలో ఇంగ్లీషేతర మూలాలు చెల్లుతాయన్న సంగతి చాలామంది సమీక్షకులకు గుర్తుచేయాల్సి వస్తోంది. తెలుగు చదవలేని సమీక్షకుడు తెలుగు మూలాన్ని తీసిపారేయడం కాదు, తెలుగు వచ్చినవాళ్లను అడగాలి. అడిగితే చెప్పేవాళ్లం ఉన్నాం.

3. మూసకన్నా ముందు మనిషి మాట పోవాలి. యంత్రం పంపే సందేశం కాదు. 'ఈ కళాకారుడి గురించి పత్రికలో ఎప్పుడు వచ్చిందో రాయగలరా, ఎలా చేర్చాలో తెలియకపోతే ఇక్కడే చెప్పండి, నేను చేరుస్తాను' – ఇంతే. దీనికి నిమిషం పడుతుంది. స్వాగతం మూస, దాని కింద వెంటనే తొలగింపు నోటీసు, రెండూ ఒకే నిమిషంలో పడ్డ వాడుకరి చర్చ పేజీలు ఎన్ని చూశానో! ఆ స్వాగతానికి అర్థమేముంటుంది?

4. ఇప్పుడే వద్దనిపించిన వ్యాసాన్ని రాసినవారి ప్రయోగశాలకు (వాడుకరి సొంత చిత్తు పేజీకి) తరలించండి, ఎక్కడికి తరలించారో లింకు ఇవ్వండి. కానీ ఇది దొడ్డిదారి తొలగింపు కాకూడదు. ఇంగ్లీషు వికీలో చిత్తుప్రతులను ఆరు నెలలు ముట్టుకోకపోతే తొలగిస్తారు. తరలించి ఊరుకుంటే, ఆరు నెలల తర్వాత ఎవరికీ తెలియకుండా పోతాయి.

5. మూస పెట్టినవారే తొలగించకూడదు. చిన్న వికీలో నిర్వాహకులు కొద్దిమందే కాబట్టి కష్టమంటారు. కష్టమే. అయినా పైన చెప్పిన హాని రకాలు తప్ప మిగతావాటికి ఇంకో నిర్వాహకుడి కోసం రెండు రోజులు ఆగితే మునిగేదేమీ లేదు.

6. పెట్టిన మూసకు గడువు ఉండాలి. ఏడు రోజుల్లో చర్చ తేలకపోతే ఒకసారి పొడిగించండి. 30 రోజులకు కూడా ఏకాభిప్రాయం రాకపోతే మూస తీసేసి, కావలసిన మెరుగుదల చర్చ పేజీలో రాయండి.

7. తొలగించిన వ్యాసం పాఠ్యం కావాలంటే ఎలా అడగాలో తొలగింపు సందేశం మొదటి వాక్యంలోనే చెప్పండి. అడిగినవారికి ఈమెయిల్లోనో ప్రయోగశాలలోనో ఇవ్వండి, కాపీహక్కుల సమస్య, పరువు సమస్య ఉన్నవి తప్ప.

8. వ్యాసం పుట్టిన క్షణం నుంచి మూస పడేదాకా ఎంతసేపు పట్టిందో పేజీ చరిత్రల్లో, చిట్టాల్లో ఉండనే ఉంటుంది. దాన్ని మూడు నెలలకోసారి లెక్కగట్టి రచ్చబండలో పెట్టండి. మూస పడ్డవాటిలో ఎన్ని నిలిచాయి, ఎన్ని పోయాయి, ఆ వాడుకరుల్లో ఎంతమంది మళ్లీ రాశారు అన్నవి కూడా. అప్పుడు నేను పెంచి చెబుతున్నానో, మీరు తగ్గించి చూస్తున్నారో తేలిపోతుంది. లెక్క నా మాట తప్పంటే ఒప్పుకోవడానికి సిద్ధమే.

ఇవి చదివి, గస్తీ పని రెట్టింపవుతుందని కొందరు అంటారు. మొదటి కోరికతో పని తగ్గుతుంది. గంటసేపో రోజో ఆగితే సగం పేజీలు వాటంతటవే ఒక రూపానికి వస్తాయి, లేదా పనికిరానివని వాటంతటవే తేలిపోతాయి. అప్పుడు నిర్ణయానికి అర నిమిషం చాలు. రెండు, మూడు కోరికలతో పని పెరుగుతుంది, నిజమే. కానీ అది చేయకపోవడం వల్ల మిగిలే సమయాన్ని మీరు తర్వాత అభ్యంతరాలకు, ఫిర్యాదులకు, పునఃస్థాపన వినతులకు ఖర్చు పెడుతూనే ఉన్నారు. నాలాంటివాళ్ల ఉత్తరాలు చదవడానికి కూడా.

కొత్తగా రాసేవాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను కాబట్టి వాళ్లకూ చెప్పాల్సింది చెప్పాను, చెబుతూనే ఉన్నాను. మొదటి రాత ప్రయోగశాలలో రాయండి. ప్రచురించే మొదటిసారే కనీసం రెండు మూలాలు, పత్రిక పేరు, తేదీ, పేజీతో సహా ఉండేట్టు చూసుకోండి. ఇంకా రాస్తున్నానని చెప్పే మూస పెట్టుకోండి, రాయడం అయ్యాక తీసేయండి. మీ గురించి, మీ నాన్నగారి గురించి, మీ కంపెనీ గురించి రాయకండి. సత్వర తొలగింపు మూస పడితే పీకేయకండి, చర్చ పేజీలో జవాబు రాయండి. వాళ్లు ఇవన్నీ నేర్చుకుంటున్నారు. నేర్చుకునేందుకు మీరు వ్యవధి ఇస్తే.

పై ఎనిమిదింటినీ విడివిడి ప్రతిపాదనలుగా రచ్చబండలో పెడుతున్నాను. ఒక్కోదాని కింద అనుకూలమో వ్యతిరేకమో, కారణంతో సహా రాయండి. అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఒకటి, మూడు, ఏడు – ఈ మూడింటికి విధానం మార్చాల్సిన పని కూడా లేదు, తెవికీ నిర్వాహకులు ఇవాళే మొదలుపెట్టవచ్చు. మొదలుపెడతారో లేదో, పెట్టకపోతే ఎందుకో, ఈ నెలాఖరులోగా అక్కడే చెప్పండి. విధానం పేజీ లింకు మాత్రం ఇవ్వకండి; ఆ పేజీ చదివే ఈ ఉత్తరం రాశాను.

ఇట్లు,
కొత్తవారికి వికీ నేర్పే ఒక వాడుకరి